సెయింట్ లూయిస్ యూనివర్సిటీని క్యాథలిక్ యూనివర్సిటీ అంటారు, మరి ఆ క్యాథలిక్ అన్నది ఎక్కడ ఉంది?

బెజవాడ_కుర్రాడు:

అందరికీ నమస్కారం. పోయిన ఆగస్టులో ఎంఎస్ చదవటానికి అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ యూనివర్సిటీకి వచ్చాను. అడ్మిషన్ల గురించో ఉద్యోగాల గురించో అడగటానికి రాయట్లేదు. వచ్చిన దగ్గర్నుంచి మనసులో ఒక సందేహం తిరుగుతోంది, ఇక్కడ చదివినవాళ్ళు ఎవరైనా చెప్తారేమోనని.

నేను డిగ్రీ విజయవాడ ఆంధ్ర లయోలాలో చేశాను. మేం హిందువులం, మా ఇంట్లో అన్నిటికీ కనకదుర్గమ్మే. కానీ లయోలాలో ఉన్నన్నాళ్ళూ అది ఫాదర్ల కాలేజీ అన్న సంగతి మర్చిపోవటానికి వీలయ్యేది కాదు. పొద్దున్నే తెల్ల అంగీతో ఒక ఫాదర్ చెట్ల కింద నడుస్తూ ఎదురొచ్చేవారు, ఫీజు కట్టలేక రెండు రోజులు మానేసినవాణ్ణి పేరు పెట్టి పిలిచి ఏమైందిరా అని అడిగేవారు. ఇంకో ఫాదర్ పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు మూలన ఏ.ఎం.డి.జి. అని నాలుగు అక్షరాలు రాసేవారు. ఏంటి ఫాదర్ అది అంటే, లాటిన్‌లో దేవునికి మరింత మహిమ కలగాలని అర్థం, మా సభ నినాదం అన్నారు.

ఇక్కడికి వచ్చి చూస్తే యూనివర్సిటీ నినాదం అదే. అదే జెస్యూట్లు, అంటే లయోలా నడిపే ఆ ఫాదర్ల సభే. గ్రాండ్, లిండెల్ రోడ్లు కలిసేచోట అంత పెద్ద రాతి చర్చి, దాని శిఖరం మా అపార్ట్‌మెంట్ కిటికీలోంచి కనపడుతుంది. కానీ క్లాసులోకి వెళ్తే డేటాబేసులు, ప్రాజెక్టులు, ప్రెజెంటేషన్లు, అంతే. నాకు పాఠం చెప్పేవాళ్ళలో ఒక్క ఫాదర్ కూడా లేరు. ఎవరూ మతం మాట ఎత్తరు. అమ్మ ఫోన్‌లో "రోజూ ప్రార్థన చేయిస్తారా నాన్నా" అని అడిగింది, లేదమ్మా అన్నాను. "మరి క్రైస్తవుల యూనివర్సిటీ అన్నావు?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు.

యూనివర్సిటీ నుంచి వచ్చే మెయిల్స్‌లో మాత్రం మిషన్, జెస్యూట్ విలువలు అనే మాటలు తరచుగా ఉంటాయి. అవి నిజంగా ఎక్కడైనా ఉన్నాయా, లేక పేరు మాత్రమే మిగిలిందా? తప్పుపట్టాలని అడగట్లేదు. లయోలాలో నాకు దొరికింది ఏదో ఉంది, అది ఇక్కడ కూడా ఉంటే ఎక్కడ వెతకాలో తెలుసుకోవాలని ఉంది. ఇంకొకటి, ఆ చర్చి లోపలికి మనలాంటివాళ్ళు వెళ్ళొచ్చా? ఇన్ని నెలలుగా రోజూ దాని పక్కనుంచే పోతున్నా, తలుపు తొయ్యాలంటే మొహమాటంగా ఉంది.


గ్రాండ్_లిండెల్:

తమ్ముడూ, నేను 2013లో ఇక్కడికే ఎంఎస్‌కి వచ్చాను, చదువయ్యాక ఇదే ఊళ్ళో ఉండిపోయాను. నువ్వు అడిగింది మొదటి ఏడాది నాకూ అనిపించింది. చర్చి తలుపు సంగతి ముందు చెప్తా. తోసెయ్, ఏమీ అనరు. పూజ జరగని సమయంలో వెళ్ళి వెనక బెంచీలో కూర్చో. రంగు అద్దాల కిటికీల్లోంచి సాయంత్రం ఎండ లోపల పడేటప్పుడు చూడాలి దాన్ని.

ఇప్పుడు అసలు విషయం. దీన్ని మొదలుపెట్టింది జెస్యూట్లు కాదు, చాలామందికి ఇది తెలియదు. 1818లో లూయిస్ డుబూర్గ్ అనే బిషప్ ఒక చిన్న బడిగా పెట్టాడు. అప్పటికి ఈ ప్రాంతాన్ని అమెరికా ఫ్రాన్స్ దగ్గర కొని పదిహేనేళ్ళే, ఊరు నిండా ఫ్రెంచి మాట్లాడే బొచ్చు తోళ్ళ వ్యాపారులు. ఊరి పేరే ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయిస్ పేరు, ఆయన్ని క్యాథలిక్కులు పునీతుడిగా కొలుస్తారు. బిషప్‌కి బడి నడిపే మనుషులు కావాలి, జెస్యూట్లని పిలిచాడు. వాళ్ళ సభ అంతకుముందే పోప్ చేతిలో 1773లో రద్దయి, 1814లో మళ్ళీ ప్రాణం పోసుకుంది. అంటే అప్పుడే లేచి నిలబడుతున్నవాళ్ళు. బెల్జియం నుంచి వచ్చిన కుర్ర జెస్యూట్లు కొందరు 1823లో మేరీల్యాండ్ నుంచి ఇక్కడికి చేరారు, ఆ దశకం చివరికి కాలేజీ వాళ్ళ చేతికి వచ్చింది. 1832లో రాష్ట్ర ప్రభుత్వం యూనివర్సిటీగా చార్టర్ ఇచ్చింది. మిసిసిపీ నదికి పడమర అదే మొదటి యూనివర్సిటీ.

మొదట్లో ఇది డౌన్‌టౌన్‌లో ఉండేది, 1888లో ఇప్పుడున్న చోటికి వచ్చింది. నువ్వు రోజూ చూసే డుబూర్గ్ హాల్ ఆ బిషప్ పేరుదే. చర్చి పని 1884లో మొదలై లోపలి భాగం 1898కి పూర్తయింది, శిఖరం ఇంకా తర్వాత. చర్చి పేరు సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్. ఈయన ఎవరో తెలుసుగా, పాత గోవాలో బోమ్ జీసస్ చర్చిలో వెండి పెట్టెలో ఆయన శరీరం ఉంటుంది, గోవా టూర్‌కి వెళ్ళిన ప్రతివాళ్ళూ లైనులో నిలబడి చూసొస్తారు. 1542లో గోవాలో దిగిన మనిషి పేరు మీద మిస్సోరిలో గుడి. నాకు ఆ సంగతి తెలిసిన రోజున ఈ చోటు అంత పరాయిగా అనిపించలేదు.

మరి ఫాదర్లు ఎందుకు కనపడరు అన్నావు. రెండు కారణాలు. ఒకటి, అమెరికాలో ఫాదర్లయ్యేవాళ్ళే బాగా తగ్గిపోయారు. రెండోది, వాళ్ళంతట వాళ్ళు పక్కకి జరిగారు. 1967లో ఫాదర్ పాల్ రైనర్ట్ ప్రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ట్రస్టీల బోర్డులో మెజారిటీ ఫాదర్లు కాని మామూలు మనుషులకి ఇచ్చేశారు, పెద్ద క్యాథలిక్ యూనివర్సిటీల్లో ఆ పని చేసిన మొదటివాటిలో ఇదొకటి. 2014లో ఫ్రెడ్ పెస్టెల్లో వచ్చారు, జెస్యూట్ కాని మనిషి శాశ్వత ప్రెసిడెంట్ కావడం అదే మొదటిసారి. కాబట్టి అంగీ వేసుకున్నవాళ్ళ కోసం వెతికితే నీకు దొరికేది కొంచెమే.

ఒక పని చెయ్. పైయస్ లైబ్రరీకి చదువుకోవటానికి ఎలాగూ వెళ్తావు, పన్నెండో పైయస్ పోప్ పేరు మీద 1959లో తెరిచారు దాన్ని. అందులో వాటికన్ ఫిల్మ్ లైబ్రరీ అని ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ లైబ్రరీలు ఎన్ని కాలిపోయాయో చూశాక, వాటికన్‌లో ఉన్న చేతిరాత పుస్తకాలకి ఏమైనా అయితే ఎలా అని 1950ల్లో ఇక్కడి జెస్యూట్లు వేల గ్రంథాలను మైక్రోఫిల్మ్ తీయించి తెచ్చిపెట్టారు. రోమ్ వెళ్ళలేని పరిశోధకులు అమెరికా నలుమూలల నుంచీ దాని కోసం ఇక్కడికి వచ్చేవాళ్ళు. తాటాకు గ్రంథాలు చెదలు పట్టిపోతుంటే బాధపడే జాతి మనది, అది ఎంత పెద్ద పనో మనకి వేరే చెప్పాలా.


సాగర్_నాన్న:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి అక్కడ బ్యాచిలర్స్‌లో సీటు వచ్చింది. వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్, మతం పాఠాలు కంపల్సరీ అని ఎవరో చెప్పారట. చర్చికి వెళ్ళాలా, వెళ్ళకపోతే మార్కులు తగ్గుతాయా? బాబు అడిగిన ప్రశ్నకి సరిగ్గా వ్యతిరేకం అనుకోండి నాది.


గ్రాండ్_లిండెల్:

సర్, చర్చికి వెళ్ళాలన్న రూలు ఎవరికీ లేదు. ఎంఎస్ వాళ్ళకి ఆ కోర్సులు కూడా ఉండవు. బ్యాచిలర్స్‌లో చేరినవాళ్ళకి మాత్రం, ఏ సబ్జెక్టు చదివినా, ఉమ్మడిగా కొన్ని కోర్సులు ఉంటాయి, 2022లో దాన్ని కొత్తగా మార్చారు. అందులో ఒక థియాలజీ కోర్సు, ఒక ఫిలాసఫీ కోర్సు ఉంటాయి. వాటి పేరే అల్టిమేట్ క్వశ్చన్స్. మనిషి ఎందుకు పుట్టాడు, బాధ ఎందుకు ఉంది, దేవుడి గురించి వేరువేరు సంప్రదాయాలు ఏమన్నాయి, ఇలాంటివి చదివి వ్యాసాలు రాయాలి. మార్కులు వ్యాసానికే, నమ్మకానికి కాదు. మా రూమ్మేట్ తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతూ ఆ క్లాసులో భగవద్గీత మీద పేపర్ రాశాడు, రాయటానికి ముందు వాడు జన్మలో గీత తెరిచింది లేదు. అమ్మాయికి ఇబ్బందేమీ ఉండదు. ఊరికి పడమర శివార్లలో హిందూ దేవాలయం ఉంది, పండగలకి మనవాళ్ళంతా అక్కడే ఉంటారు, మేడమ్‌గారికి ఆ మాట కూడా చెప్పండి.


ఫిరంగిపురం_ఆడపడుచు:

ఈ ప్రశ్న చూసి ఆగలేక రాస్తున్నాను. మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం, బాల యేసు గుడి ఊరు. ఐదారు తరాలుగా కతోలికులం. నేను కూడా ఈ యూనివర్సిటీలోనే పబ్లిక్ హెల్త్ చదివాను.

మా ముత్తాత పేరు ఇన్నయ్య. మా నాయనమ్మ శౌరమ్మ. పెదనాన్న చిన్నప్ప. చిన్నప్పుడు బడిలో ఈ పేర్లు చెప్తే ఇవేం క్రైస్తవ పేర్లు, జాన్, డేవిడ్ ఉండాలిగా అనేవాళ్ళు. ఇన్నయ్య అంటే ఇగ్నేషియస్, జెస్యూట్ సభ పెట్టిన ఇగ్నేషియస్ లయోలా. శౌరి అంటే జేవియర్. చిన్నప్ప అంటే పౌలు. తమిళ దేశం వైపునుంచి వచ్చిన యేసు సభ గురువుల నోటి నుంచి మా పేర్లు అలా తయారయ్యాయి. 1700ల్లో ఫ్రెంచి జెస్యూట్లు మన తెలుగు సీమలో తిరిగారు, మాంసం మానేసి సన్యాసుల్లాగా బతికారు. కూర్దూ అనే ఫాదర్ తెలుగు నేర్చుకుని నిఘంటువులు తయారుచేశాడు, సంస్కృతానికీ గ్రీకు లాటిన్లకూ చుట్టరికం ఉందని 1767లో ఫ్రాన్స్ పండితులకి ఉత్తరం రాశాడు, విలియం జోన్స్ ఆ మాట చెప్పటానికి దాదాపు ఇరవై ఏళ్ళ ముందు. కాబట్టి నేను సెయింట్ లూయిస్‌లో దిగి, చర్చి బోర్డు మీద ఫ్రాన్సిస్ జేవియర్ అని చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది గోవా కాదు, మా నాయనమ్మ.

బెజవాడ తమ్ముడూ, నువ్వు వెతుకుతున్నది నాకు ఎక్కడ కనపడిందో చెప్తాను. రెండో సెమిస్టర్‌లో మా నాన్న పోయారు. వీసా స్టాంపింగ్ గొడవ ఉంది, వెళ్తే తిరిగి రావటం కష్టం, అందుకని వెళ్ళొద్దని ఇంట్లో అందరూ ఒకటే మాట. వీడియో కాల్‌లో భూస్థాపన చూశాను. మూడో రోజు క్యాంపస్ మినిస్ట్రీ (పూజలవీ చూసుకునే) ఆఫీసుకి వెళ్ళి నాన్న పేరు మీద పూజ పెట్టించాలి అన్నాను. అక్కడున్న ముసలి ఫాదర్ పేరు అడిగారు, చెప్పాను. ఆయనకి నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పమన్నారు, మళ్ళీ చెప్పాను. నాలుగైదు సార్లయ్యాక కాగితం తీసుకుని తనకి అర్థమయ్యేలా ముక్కలు ముక్కలుగా రాసుకుని, ఇలాగేనా, ఇలాగేనా అని అడుగుతూ పది నిమిషాలు సాధన చేశారు. పోనీ ఇనిషియల్స్ చదవండి ఫాదర్ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆదివారం రాత్రి స్టూడెంట్ల పూజలో, అంత పెద్ద గుడిలో, మా నాన్న పేరు ఫిరంగిపురంలో పలికినట్టే పలికారు. నా పక్కనున్న హిందూ ఫ్రెండ్స్ నలుగురు కూడా ఏడ్చారు.

జెస్యూట్లు కూరా పెర్సొనాలిస్ అని ఒక లాటిన్ మాట వాడతారు, నీకు వచ్చే మెయిల్స్‌లో కూడా ఉంటుంది. మనిషిని మొత్తంగా పట్టించుకోవడం అని. లయోలాలో ఫీజు కట్టనివాణ్ణి పేరు పెట్టి పిలిచిన ఫాదర్ గురించి నువ్వు రాశావే, అదే ఇది.

పూజకి రావాలనిపిస్తే ఆదివారం రాత్రి రా. అందరూ లేచినప్పుడు లేస్తే చాలు. సత్ప్రసాదం (పూజలో పంచే దీవించిన రొట్టె) మాత్రం మావాళ్ళు తీసుకునేది, ఆ సమయంలో నువ్వు బెంచీలోనే కూర్చోవచ్చు, లేదంటే చేతులు గుండెల మీద ఎక్స్‌లా పెట్టుకుని వరసలో వెళ్తే ఆశీర్వదిస్తారు. ఎవరూ వింతగా చూడరు.


మిర్యాలగూడ_చరిత్ర:

పైన రాసినవన్నీ నిజమే, అక్క రాసింది చదివి నాకూ గొంతు పట్టేసింది. కానీ వారసత్వం అన్నప్పుడు సగమే చెప్పి ఊరుకోవటం నాకు న్యాయంగా అనిపించదు. నేను పక్క రాష్ట్రంలో అమెరికా చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నాను, ఈ యూనివర్సిటీ కథ నా పనిలో భాగం.

1823లో మేరీల్యాండ్ నుంచి కుర్ర జెస్యూట్లు వచ్చారని అన్న రాశారు. వాళ్ళతోపాటు ఇంకో ఆరుగురు వచ్చారు. మూడు జంటలు, నల్లజాతివాళ్ళు, బానిసలు. మేరీల్యాండ్‌లో జెస్యూట్లకి తోటలుండేవి, ఆ తోటల్లో పనిచేసినవాళ్ళు. సెయింట్ లూయిస్‌కి ఉత్తరాన ఫ్లోరిసెంట్ అనే చోట ఫాదర్ల శిక్షణాలయం కట్టడానికి, పొలం చేయడానికి, వండిపెట్టడానికి వాళ్ళని తెచ్చారు. 1829లో ఇంకొందరిని, పిల్లలతో సహా. యూనివర్సిటీ తొలి రోజుల్లో అక్కడ చాకిరీ చేసినవాళ్ళు వీళ్ళే.

వాళ్ళలో టామస్ బ్రౌన్ అనే ఆయన ఉన్నాడు. 1833 అక్టోబరులో మేరీల్యాండ్ జెస్యూట్ల పెద్దకి ఒక ఉత్తరం పంపాడు. దాదాపు 38 ఏళ్ళుగా సభకి నమ్మకంగా పనిచేశాననీ, తనూ భార్యా ముసలివాళ్ళమయ్యామనీ, ఉండటానికి ఇచ్చిన దుంగల కొట్టం కుళ్ళిపోయి గాలి వీస్తే ప్రాణాలు పోతాయేమోనని భయంగా ఉందనీ, యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఫాదర్ వెర్హేగెన్ తమని సరిగా చూడట్లేదనీ రాయించాడు. చివర్లో ఒక బేరం పెట్టాడు. తనకి 50 డాలర్లు, భార్యకి 50 డాలర్లు, మొత్తం వంద ఇచ్చుకుంటాం, మమ్మల్ని వదిలెయ్యండి అని. నేను ఆ ఉత్తరం మొదటిసారి చదివిన రోజు ఇంక ఏ పనీ చేయలేకపోయాను. దేవుని మహిమ కోసం అని నినాదం పెట్టుకున్నవాళ్ళకి ఒక ముసలాయన తన భార్య ధర చెప్పి బతిమాలుకుంటున్నాడు.

ఇది దాచేసిన సంగతని కాదు, కానీ చాలా ఏళ్ళు ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. 2016లో జెస్యూట్లూ యూనివర్సిటీ కలిసి పాత రికార్డులు, జ్ఞానస్నానం రిజిస్టర్లు తిరగేసి ఆ మనుషుల పేర్లు, కుటుంబాలు వెతికే పని మొదలుపెట్టారు. ఇప్పటి వారసులు ఎవరో తేలారు, వాళ్ళు ఒక సంఘంగా ఏర్పడి, పేర్లు చదివితే సరిపోదు, మా పెద్దల కష్టానికి లెక్క కట్టి ఇవ్వండి అని అడుగుతున్నారు. వాళ్ళు అడగటం సబబే అని నా అభిప్రాయం. వెట్టి చేసిన ఇళ్ళలోంచి వచ్చినవాణ్ణి, నాకు ఇంకోలా అనిపించదు.

ఇంకో రోజు గురించి కూడా చెప్పాలి, 1944 ఫిబ్రవరి 11. అప్పటికి ఈ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులకి సీటు లేదు. క్యాథలిక్కులైనా లేదు. ఫాదర్ క్లాడ్ హైట్‌హౌస్ అనే జెస్యూట్ అదే కాలేజీ చర్చిలో స్టూడెంట్ల పూజలో ప్రసంగానికి లేచాడు. ఈ యూనివర్సిటీ ప్రొటెస్టెంట్లని, యూదుల్ని, ముస్లింలని, బౌద్ధుల్ని, బ్రాహ్మల్ని, ఆఖరికి నాస్తికుల్ని కూడా రంగు చూడకుండా చేర్చుకుంటుంది కదా, మరి సొంత మతం వాళ్ళు నల్లగా ఉన్నారని వాళ్ళ మొహాన తలుపు వేస్తామా అని అడిగాడు. అవును, బ్రాహ్మలు అన్నాడు, మిస్సోరిలో 1944లో. తర్వాత, నల్లవాళ్ళకి జరిగే అన్యాయంలో ఇక పాలు పంచుకోమని మాట ఇచ్చేవాళ్ళు లేచి నిలబడండి అన్నాడు. పిల్లలు లేచారు. ఆ వేసవిలోనే ఐదుగురు నల్లజాతి విద్యార్థులు చేరారు. బానిసత్వం నడిచిన రాష్ట్రాల్లో తెల్లవాళ్ళ యూనివర్సిటీలు చాలావరకు అప్పటికి ఇంకా ఆ ఊసే ఎత్తట్లేదు.

హైట్‌హౌస్‌ని ఆ తర్వాత ఏడాదే సెయింట్ లూయిస్ నుంచి పంపించేశారు. నల్లజాతి పిల్లల్ని చేర్చుకున్నారు సరే, కాలేజీ డాన్సులకి రానివ్వరేంటి అని ఆయన మళ్ళీ రాశాడు, పైవాళ్ళకి అది నచ్చలేదు.

తమ్ముడూ, నువ్వు ఆ చర్చిలోకి వెళ్ళినప్పుడు ఇది కూడా తెలిసి వెళ్ళు.


ఫిరంగిపురం_ఆడపడుచు:

చరిత్ర గారూ, మీరు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. టామస్ బ్రౌన్ గురించి నాకు తెలియదు. రెండేళ్ళు ఆ గుడిలో మోకరించాను, తెలియదు.

ఒక మాట నేను కూడా ఒప్పుకోవాలి. మా వైపు గుళ్ళలో ఎవరు ఏ వైపు కూర్చోవాలో, సమాధుల దొడ్లో ఎవరిని ఎక్కడ పూడ్చాలో కులాన్ని బట్టి నడిచిన రోజులున్నాయి, కొన్నిచోట్ల ఇంకా పూర్తిగా పోలేదు. మా నాయనమ్మ దాన్ని మామూలు సంగతిలా చెప్పేది, మేం మామూలుగానే వినేవాళ్ళం. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు, దళితుల్లోంచి మొదటి కార్డినల్, తెలుగువాళ్ళలోనూ మొదటివారు అని అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. మా పిన్ని మాత్రం ఫోన్ చేసి, సంతోషమేగానీ మనూళ్ళో ఆ వాడ వాళ్ళింట్లో ఎప్పుడైనా భోంచేశామా అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు.


గ్రాండ్_లిండెల్:

చరిత్ర బ్రదర్, నేను రాసినదాంట్లో ఆ ఆరుగుర్ని వదిలేశాను. అప్పటికే నాకు తెలుసు కూడా, టూర్‌లో చెప్పినట్టు మంచి సంగతులే రాసేశాను. క్షమించాలి.

నేను కళ్ళారా చూసింది ఒకటి చెప్తాను. 2014 ఆగస్టులో ఇక్కడికి దగ్గరే ఫెర్గూసన్‌లో పోలీసు కాల్పుల్లో ఒక నల్లజాతి కుర్రాడు పోయాడు, ఊరంతా అట్టుడికిపోయింది. అక్టోబరులో ఊళ్ళోనే ఇంకో నల్లజాతి కుర్రాడు ఒక పోలీసు చేతిలో చనిపోయాడు, వాళ్ళ నాన్న మన యూనివర్సిటీ ఉద్యోగి. ఒక అర్ధరాత్రి వందలమంది క్యాంపస్‌లోకి నడిచొచ్చి గడియార స్తంభం దగ్గర కూర్చున్నారు. డేరాలు వేశారు. నా మిడ్‌టర్మ్స్ వారం అది. మన తెలుగు గ్రూపుల్లో ఒకటే భయం, బయటికి పోకండి, అటు వెళ్ళకండి అని మెసేజ్‌లు. పెస్టెల్లో ప్రెసిడెంట్‌గా వచ్చి మూడు నెలలు అవుతోంది. తల్లిదండ్రుల దగ్గర్నుంచి, పాత విద్యార్థుల దగ్గర్నుంచి పోలీసుల్ని పిలిచి ఖాళీ చేయించమని ఒత్తిడి. ఆయన పిలవలేదు. దాదాపు వారం రోజులు వాళ్ళతో కూర్చుని మాట్లాడి, నల్లజాతి విద్యార్థుల కోసం ఏమేం చేస్తామో 13 అంశాలు రాసి ఒప్పందం చేసుకున్నారు. అవన్నీ చేశారా అంటే, చేసినవి ఉన్నాయి, ఏళ్ళ తరబడి సాగదీసినవి ఉన్నాయి. కానీ ఆ వారం ఒక్కరి మీద కూడా లాఠీ లేవలేదు. మూడో రోజు భయం తగ్గి నేనూ వెళ్ళి నిలబడ్డాను, అక్కడ ప్రొఫెసర్లు నేల మీద కూర్చుని పాఠం చెప్తున్నారు.

ఆ తర్వాత ఏడాది ఒక విగ్రహం కూడా తీశారు. డి స్మెట్ అనే జెస్యూట్, పైన సిలువ ఎత్తి పట్టుకుని నిలబడి ఉంటాడు, ఆయన కింద ఇద్దరు అమెరికన్ ఆదివాసీలు. ఆరుబయట నుంచి యూనివర్సిటీ మ్యూజియంలోకి మార్చారు. అప్పట్లో దాని మీద పెద్ద గొడవే అయ్యింది, చరిత్రని చెరిపేస్తున్నారని కొందరు. నాకైతే అక్కడ ఉంచటమే సరిగ్గా అనిపించింది, పక్కన నిలబడి పూర్తి కథ చదువుకోవచ్చు.

తమ్ముడూ, మోక్రా అని ఇంకో చిన్న మ్యూజియం కూడా ఉంది క్యాంపస్‌లో, అదీ చూడు. ఒకప్పుడు జెస్యూట్ విద్యార్థులు ప్రార్థన చేసుకున్న గదిని 1993లో ఈ కాలపు మతసంబంధ చిత్రాల కోసం మ్యూజియం చేశారు, ఏ మతం వాళ్ళు వేసినవైనా పెడతారు. ఎప్పుడు వెళ్ళినా జనం ఉండరు. గంటసేపు కూర్చోవచ్చు.


బెజవాడ_కుర్రాడు:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇన్ని సంగతులు వస్తాయనుకోలేదు, మొత్తం రెండుసార్లు చదివాను.

ఆదివారం రాత్రి వెళ్ళాను. అక్క చెప్పినట్టే వెనక బెంచీలో కూర్చున్నాను, అందరూ లేస్తే లేచాను. పాటలు ఏమీ రాలేదు. సత్ప్రసాదం అప్పుడు వరసలో వెళ్ళలేదు, కూర్చునే ఉన్నాను. ప్రసంగం జరుగుతుంటే మాత్రం నా ధ్యాస అక్కడ లేదు. 1944లో ఆ ఫాదర్ లేవండి అన్నప్పుడు ఈ బెంచీలోనే ఎవరో కూర్చుని ఉంటారు, పక్కవాడు లేచాడా లేదా అని చూసి లేచారా, చూడకుండానే లేచారా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. అయిపోయాక బయటికి వస్తుంటే తలుపు దగ్గర ఫాదర్ చెయ్యి కలిపి ఏ ఊరు అని అడిగారు. విజయవాడ, ఆంధ్ర లయోలా అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది, లయోలా గురించి అడుగుతూనే ఉన్నారు, వెనక లైను ఆగిపోయింది.

ఇంటికొచ్చి అమ్మకి ఫోన్ చేసి అంతా చెప్పాను. టామస్ బ్రౌన్ ఉత్తరం దాకా విని, "వదిలిపెట్టారా మరి వాళ్ళని?" అని అడిగింది. చరిత్ర అన్నా, ఆ తర్వాత ఏమైందో మీకు తెలిస్తే రాయండి, అమ్మ మళ్ళీ అడుగుతుంది.

వచ్చే శనివారం నేనూ ఇద్దరు రూమ్మేట్లూ ఫ్లోరిసెంట్ వెళ్దామనుకుంటున్నాం. సెయింట్ ఫెర్డినాండ్ అని 1821 నాటి పాత గుడి ఇంకా ఉందని చూశాను. టామస్ బ్రౌన్ వాళ్ళు వచ్చేనాటికి ఆ గుడి అక్కడ ఉంది కదా. పదింటికి గ్రాండ్ బుక్‌స్టోర్ వైపునుంచి బయల్దేరతాం. కారులో ఇంకొకరికి చోటుంది, ఎవరైనా వస్తానంటే ఇక్కడే రాయండి.